కుదించకుండా చెప్పు

పొద్దున పది గంటలకు ఆ ఇంటి యజమాని ఫారూఖ్ జుబైల్‌లో తన ఫ్యాక్టరీ పనిలో ఉంటాడు. ఆయన భార్య అమీనా స్కూల్లో పాఠాలు చెబుతుంటుంది. సౌదీ అరేబియాలోని అల్ ఖోబర్‌లోని ఆ నాలుగో అంతస్తు ఇంట్లో మిగిలేది ఇద్దరే: ఫారూఖ్ తల్లి హాజ్జా, పనిమనిషి చెంచులక్ష్మి. ఆ వేళకి చెంచులక్ష్మి ఒక చేత్తో ఉతికిన బట్టల బుట్ట, రెండో చేత్తో హాజ్జా మోచేయి పట్టుకుని లిఫ్ట్ ఎక్కి మిద్దె మీదికి పోతుంది. బట్టలు ఆరేయడానికి డెబ్బై రెండేళ్ల ముసలావిడ సాయమెందుకో అని బిల్డింగ్ కాపలా మనిషి ఎన్నడూ అడగలేదు. అడిగితే చెప్పడానికి ఇద్దరూ కూర్చుని ఒక మంచి అబద్ధం తయారుచేసి పెట్టుకున్నారు గానీ, రెండేళ్లుగా అది వాడకుండానే ఉండిపోయింది.

నీళ్ల ట్యాంకు నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసి హాజ్జాను కూర్చోబెట్టాక, చెంచులక్ష్మి తన ఫోన్ బయటికి తీస్తుంది. అందులో హాజ్జా చిన్న కొడుకు షరీఫ్ సూడాన్ నుంచి పంపిన వాయిస్ మెసేజ్ ఉంటుంది. హాజ్జాకు కుడిచెవి పూర్తిగా పోయింది. ఎడమచెవిలో అరిస్తే వినబడుతుంది గానీ, ఫోన్ గొంతు మాత్రం ఆమెకు గరగరలాడే చప్పుడే. అందుకని చెంచులక్ష్మి ఫోన్‌ని తన చెవికి పెట్టుకుని ఒక ముక్క వింటుంది, ఆపుతుంది, ఆ ముక్కనే ఆ రాగంతోనే హాజ్జా ఎడమచెవిలో అరుస్తుంది. మళ్లీ ఇంకో ముక్క. పొరపాటున ఒక మాట మింగిందా, హాజ్జా వేలు ఆమె తొడలో దిగుతుంది.

"కుదించొద్దు బిత్తీ! నా కొడుకు నోట్లోంచి వచ్చిందంతా నా చెవిలో పడాల."

బిత్తీ అంటే ఆ ముసలామె భాషలో కూతురా అని. హాజ్జాది సూడాన్ అరబ్బీ, చెంచులక్ష్మిది తొమ్మిదేళ్లు గిన్నెలు తోమి నేర్చుకున్న వంటింటి అరబ్బీ. అయినా ఆమె చెవికి హాజ్జా మాటలు తన ఊరు చిట్వేలు మాటల్లాగే వినబడతాయి. ఆమెకు ఎలా వినబడితే మనమూ అలాగే చెప్పుకుందాం, పోయేదేముంది?

ఈ దొంగతనమంతా దేనికంటే, ఒక ఒట్టు వల్ల. రెండేళ్ల కిందట సూడాన్‌లో రెండు సైన్యాలు ఒకదాని మీద ఒకటి పడ్డప్పుడు ఫారూఖ్ తల్లిని ఎలాగో ఇక్కడికి తెచ్చుకున్నాడు. తమ్ముడికీ వీసా తీశాడు. ఆ తమ్ముడు రానన్నాడు. ఖార్తూమ్‌లో వాళ్ల పేట అప్పటికే సర్కారు మీద తిరగబడిన దళం చేతికి పోయింది. సందుల్లో జనానికి తిండి లేదు, బడి ఆవరణలో పొయ్యి పెట్టాను, నేను వస్తే దాన్ని ఎవరు వెలిగిస్తారు అన్నాడు షరీఫ్. ఫారూఖ్‌కి సర్కారు సైన్యమంటే ప్రాణం. తిరగబడ్డవాళ్ల నీడన బతికేవాడు వాళ్ల మనిషే అని అరిచాడు. తమ్ముడూ తగ్గలేదు. మాటా మాటా పెరిగింది. ఆఖరికి ఫారూఖ్ ఫోన్ నేలకేసి కొట్టి, "ఇకమీద వీడి గొంతు నా ఇంట్లో వినబడితే అమీనాకు తలాక్!" అని ఒట్టు పెట్టేశాడు.

వాళ్లలో మగవాళ్లకి ఈ ఒట్టు నాలుక చివరే ఉంటుంది. ఇంకో ముక్క మాంసం తినకపోతే నా పెళ్లానికి తలాక్ అని అతిథిని బెదిరించేవాళ్లని చెంచులక్ష్మి ఆ ఇంట్లోనే చూసింది, చూసి నవ్వుకుంది కూడా. కానీ కోపంలో పెట్టిన ఒట్టు నవ్వులాట కాదు కదా. అమీనా మూడు రోజులు మొగుడి మొహం చూడలేదు. పది మంది పేదవాళ్లకి అన్నం పెడితే ఒట్టు తీరిపోతుందని మసీదు పెద్దాయన చెప్పాడు. పది మందికి పెట్టడానికి ఫారూఖ్‌కి చేయి రాక కాదు, తల వంగక.

దారి కనిపెట్టింది హాజ్జానే. "ఇల్లంటే గడప లోపలిది. మిద్దె ఇల్లు కాదు. నీ ఫోను వాని ఫోనూ కాదు, నా ఫోనూ కాదు. పైనున్నోడికి ఈ మాత్రం తెలీదంటావా?" అంది. అట్లా షరీఫ్ గొంతు చెంచులక్ష్మి ఫోన్లో కాపురం పెట్టింది.

శుక్రవారం మధ్యాహ్నాలు ఆ ఇంటికి ఫారూఖ్ స్నేహితులు నలుగురైదుగురు వచ్చేవాళ్లు. టీవీ ముందు కూర్చుని ఏ వంతెన ఎవరి చేతికి వచ్చిందో, ఎవరిని ఉరి తీయాలో, ఎవరిని వదిలిపెట్టకూడదో గట్టిగా తేల్చేవాళ్లు. అవతలి పేటల్లో ఉండిపోయిన వాళ్లందరూ ద్రోహులే అని ఫారూఖ్ వాట్సాప్ గ్రూపులో రాసి, అదే చదివి వినిపించేవాడు. హాజ్జాకి వినబడదు గానీ మొహాలు చూసి అంతా పోల్చుకునేది. ఒకసారి మిద్దె మీద చెంచులక్ష్మిని అడిగింది:

"మీ దేశంలో ఇట్లా కొట్టుకుంటారా?"

"ఎలక్షన్లప్పుడు ఫ్లెక్సీలు చించుకుంటారు హాజ్జా. తలకాయలు కూడా పగలగొట్టుకుంటారు. మళ్లీ సాయంత్రానికి ఒకే అంగట్లో టీ తాగతారు."

"మావోళ్లకి ఆ అంగడి లేకుండా పాయె," అంది హాజ్జా. "ఆ ఇద్దరు సేనాపతులకీ చెరొక గరిటె ఇచ్చి నా షరీఫ్ పొయ్యికాడ నిలబెట్టాల. వడ్డించమనాల. సాయంత్రానికి బుద్ధి వస్తాది," అని తనే నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

హాజ్జా ఐదు పూటలా షరీఫ్ కోసం దువా చేసేది. అది చాలదనిపించిందేమో ఒకరోజు చెంచులక్ష్మి భుజం తట్టి, "కొండమీద ఉండేటోడు, సింహం మొహమోడు, మీ దేవుడున్నాడంటివే, ఆయనకి తుపాకులంటే భయముండదు. ఆయనకీ ఒక మాట చెప్పు," అంది. చెంచులక్ష్మి నిజంగానే పెంచలకోన స్వామికి మొక్కుకుంది. షరీఫ్ క్షేమంగా బయటపడితే ఈసారి ఊరికి పోయినప్పుడు తలనీలాలు ఇచ్చుకుంటానని. ఎన్నడూ చూడని మనిషి కోసం తల ఇచ్చుకోవడమేమిటని ఆమెకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు. రోజూ చెవిలో మాట్లాడేవాడు చూడని మనిషి ఎట్లా అవుతాడు?

ఈ ఏడాది షరీఫ్ ఉండే పేట మళ్లీ సర్కారు సైన్యం చేతికి వచ్చింది. ఫారూఖ్ అంతస్తు అంతస్తుకీ మిఠాయి పంచాడు. చెంచులక్ష్మి చేతిలోనూ ఒక పొట్లం పెట్టాడు. మర్నాడు మిద్దె మీద షరీఫ్ మెసేజ్ ఎప్పటిలాగే ఉంది. పొయ్యి ఆర్పలేదు, ఈరోజు ఐదు గుండిగలు అన్నాడు. ఆ తర్వాత రెండు రోజులు ఏమీ రాలేదు. హాజ్జా ఊరికే లేచి కిటికీ దగ్గరికి పోవడం, కూర్చోవడం, మళ్లీ లేవడం. కరెంటు లేదేమో, ఛార్జింగ్ లేదేమో అని చెంచులక్ష్మి ఏదో ఒకటి చెబుతూనే ఉంది.

సరిగ్గా అప్పుడే ఆ తప్పు జరిగింది. మంగళవారం సాయంత్రం చెంచులక్ష్మి వంటింట్లో అసీదా కెలుకుతోంది. అసీదా అంటే మన జొన్న సంగటే, పేరు వేరు. పిండి చేత్తోనే కొత్త మెసేజ్ వచ్చిందేమో చూద్దామని ఫోన్ ముట్టుకుంది. వేలు జారి పాత మెసేజ్ మీద పడింది. "అస్సలాము అలైకుం యుమ్మా..." అంటూ అమ్మని పిలుస్తున్న షరీఫ్ గొంతు వంటింట్లో ఖంగుమంది.

గడపలో అమీనా నిలబడి ఉంది. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. చెంచులక్ష్మి ఫోన్ గొంతు నొక్కేసి కొంగులో దాచింది. అమీనా "నేనేమీ వినలేదు లక్ష్మీ. నువ్వూ వినలేదు," అని వెళ్లిపోయింది.

తెల్లారి చెంచులక్ష్మి చెత్త పారేయడానికి కిందికి పోయినప్పుడు మేరాజ్ బేగం కనబడింది. రాయచోటి మనిషి, రెండో అంతస్తులో సౌదీవాళ్లింట్లో పనిచేస్తుంది. ఖోబర్‌లో చెంచులక్ష్మి నోరారా తెలుగు మాట్లాడేది ఆమెతోనే. జరిగింది విని మేరాజ్ బేగం నెత్తి కొట్టుకుంది.

"నీకు బుద్ధుండాదా మే? మాలో అది ఎంత మాటో తెలుసా? వాళ్ల కాపురం పోతే పాపం నీ నెత్తిన! నిన్నేమో పోలీసోళ్లకి పట్టిస్తారు. మేడం మంచిది కాబట్టి గమ్మునుండాది. ఇంకోసారి మోగిందనుకో?"

"ఏం చేయాలక్కా?"

"ఏం చేసేది? అన్నీ తీసిపారెయ్. ఈపొద్దే తీసెయ్. వాళ్ల దేశం గొడవ నీ ఫోన్లో ఎందుకు మే?"

మొగుడు వదిలేస్తే ఆడదాని బతుకు ఎట్లా ఉంటుందో చెంచులక్ష్మికి ఒకరు చెప్పాల్సిన పని లేదు. పదకొండేళ్ల కిందట ఆమె మొగుడు రైల్వేకోడూరులో ఇంకో కాపురం పెట్టాడు. ఆమె అమీనా మొహాన్ని తలుచుకుంది. చెత్తడబ్బా పక్కనే నిలబడి, రెండేళ్ల షరీఫ్‌ని ఒక్క దెబ్బకి డిలీట్ చేసేసింది. మొత్తం పోతుంది, సరేనా అని ఫోన్ అడిగితే సరే అంది. హాజ్జాకి మాత్రం చెప్పలేదు. చెప్పే ధైర్యం ఎక్కడిది?

శుక్రవారం మధ్యాహ్నం భోజనాలవుతుండగా ఫారూఖ్ ఫోన్ మోగింది. ఖార్తూమ్‌లో పాత పొరుగాయన. ఫారూఖ్ నిలబడి విన్నాడు, విన్నవాడు కూర్చోలేదు. స్నేహితులు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఏదో పని గుర్తొచ్చినట్టు చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయారు.

షరీఫ్‌ని సర్కారు సైన్యం వాళ్లు పట్టుకుపోయారు. తిరగబడ్డవాళ్లకి సాయం చేసిన ద్రోహి అని ఎవరో చెప్పారట. ఆదివారం విచారణ. నేరం నిలిస్తే ప్రాణం మీదికే వస్తుంది. డబ్బు తీసుకోకుండా వాదించే లాయరు ఒకాయన దొరికాడు. షరీఫ్ ఫోన్ వాళ్ల దగ్గరే ఉంది. పేట జనం చెదిరిపోయారు. అతను వంట చేసి జనానికి పెట్టాడనడానికి ఇంటివాళ్ల దగ్గర ఏదైనా ఆధారం ఉంటే రేపటిలోగా పంపాలి.

ఫారూఖ్ హాలంతా తిరుగుతున్నాడు. "నా దగ్గర ఏముంది? రెండేళ్లుగా నా దగ్గర ఏముంది?" అంటున్నాడు. ఆ గ్రూపులో తను రాసిన మాటలు అతనికి గుర్తొస్తున్నాయని మొహం చూస్తేనే తెలుస్తోంది. అమీనా అత్తగారి ఎడమచెవిలో సంగతి చెప్పింది. హాజ్జా అరవలేదు, రొమ్ము బాదుకోలేదు. చెయ్యెత్తి చెంచులక్ష్మిని చూపించింది.

"దాని ఫోన్లో ఉండాది. అంతా. రోజూ ఎన్ని గుండిగలు, ఎవరెవరు తిన్నారు, అంతా ఉండాది. నన్ను తర్వాత తిట్టుకో కొడకా. ముందు అది తీసుకో."

ముగ్గురూ తన వైపు తిరిగేసరికి చెంచులక్ష్మి చేతిలో నీళ్ల జగ్గు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో కూడా తెలియలేదు.

"లేవు బాబా," అంది. "తీసేసినా. బుధవారం తీసేసినా. భయపడి..."

అమీనా ఫోన్ లాక్కుని అటూ ఇటూ నొక్కి చూసింది. ఎక్కడా ఏమీ దాచిపెట్టి లేదు. "నా కోసం తీసేసింది," అంది మొగుడితో. "మీ ఒట్టుకి భయపడి తీసేసింది. మంచి ఒట్టు పెట్టారు!"

ఫారూఖ్ గోడని పిడికిలితో గుద్దాడు. హాజ్జా ఏమైందని అడుగుతోంది, ఎవరూ చెప్పడం లేదు. చెంచులక్ష్మికి ఆ క్షణాన తన వేలు నరుక్కోవాలనిపించింది. ఒక ప్రాణం, తల్లి నమ్మి తన చేతికి ఇచ్చిన ప్రాణం, చెత్తడబ్బా పక్కన పారేసింది. ఆమె జగ్గు కింద పెట్టి హాజ్జా కుర్చీ దగ్గరికి పోయి కూలబడింది. రెండేళ్లుగా కూర్చునే చోటు అదే. ఆ ఎడమచెవి అంత దగ్గర కనబడేసరికి, ఏం చేస్తోందో తనకే తెలియకుండా నోరు తెరుచుకుంది.

"అస్సలాము అలైకుం యుమ్మా. ఈరోజు ఆరు గుండిగలు. నాలుగు పప్పు, రెండు అసీదా. మూడో సందు హలీమా అత్త వచ్చింది, నలుగురు మనవలతో. కట్టెలు తడిసి పొగ..."

షరీఫ్ యుమ్మా అనేటప్పుడు చివర సాగదీస్తాడు. కట్టెల పొగకి మధ్యలో దగ్గుతాడు. చెంచులక్ష్మీ సాగదీసింది, దగ్గింది. ఫారూఖ్ గిర్రున తిరిగాడు.

"నీకు... నీకు గుర్తున్నాయా?"

"సగానికి అర్థం తెలీదు బాబా. మాట మాత్రం తెలుసు. ఒక మాట తగ్గితే హాజ్జా పొడిచేది."

ఫారూఖ్ కాగితం, కలం తెచ్చుకుని ఆమె ఎదురుగా నేల మీదే కూర్చున్నాడు. అమీనా మాత్రం నిలబడే ఉంది. "ఒక్క సంగతి తేల్చండి," అంది చేతులు కట్టుకుని. "ఇది షరీఫ్ గొంతా, కాదా? నాకు తెలియాలి కదా, నేనీ ఇంట్లో ఉండాలో వద్దో."

ఫారూఖ్ తలెత్తలేదు. "రేపు పది మందికి కాదు, వంద మందికి పెడతాను అమీనా. నువ్వే వడ్డిద్దువు. నువ్వు చెప్పు లక్ష్మీ."

చెంచులక్ష్మి చెప్పింది. కుంటి దర్జీ అబ్దుల్ ఘనీకి ఇంటికే గిన్నె పంపిన రోజు. మసీదులో అజాన్ చెప్పే నయీమ్ జ్వరంతో వచ్చి వరసలో నిలబడిన రోజు. బాంబు పడి గుండిగ బోర్లాపడితే మళ్లీ పొయ్యి వెలిగించిన రోజు. పేర్లు వస్తుంటే ఫారూఖ్ కలం పరిగెత్తింది. "వీళ్లలో నలుగురు దొరికితే చాలు," అంటున్నాడు, "నలుగురు వచ్చి చెబితే చాలు." కొన్ని పేర్లకి రాయడం ఆపి కళ్లు తుడుచుకున్నాడు. అవి అతను పుట్టి పెరిగిన సందులు.

అలా పోతూ పోతూ చెంచులక్ష్మి కిందటి రంజాన్‌కి వచ్చింది.

"యుమ్మా, ఈరోజు ఏడు గుండిగలు. ఉపవాసం విడిచే వేళకి తుపాకులు పట్టుకుని ఆ దళం మనుషులు వచ్చారు. పదకొండు మంది. మీసాలు కూడా సరిగ్గా రాలేదు. ముందు భయపడ్డాను. వాళ్ల కళ్లు గుండిగ మీదే ఉన్నాయి. తుపాకులు గోడకి ఆనించి వరసలో కూర్చోమన్నాను. కూర్చున్నారు. పెట్టాను. నువ్వైతే ఏం చేసేదానివి? నేనూ అదే చేశాను."

ఫారూఖ్ కలం ఆగిపోయింది. "చాలు! ఇది వద్దు. ఈ ముక్క వదిలేసి తర్వాతది చెప్పు."

చెంచులక్ష్మికి ఎందుకు వద్దో అర్థం కాలేదు. ఆ రోజు మిద్దె మీద హాజ్జా ఆ ముక్కనే మూడుసార్లు చెప్పించుకుంది. వీడు నా కొడుకు, వీడు నా కడుపున పుట్టినోడు అని ఆకాశం వైపు చేతులెత్తింది. ఆకలిగా వచ్చినవాడికి పెడితే పుణ్యమే గానీ తప్పెట్లా అవుతుంది? అమీనా నెమ్మదిగా చెప్పింది: "వాళ్లు వెతుకుతున్నది ఇదే లక్ష్మీ. శత్రువుకి తిండి పెట్టాడని. ఈ ఒక్క మాట చాలు, వాడిని చంపడానికి."

చెంచులక్ష్మి తల ఊపి, వదిలేసి చెప్పబోయింది. రాలేదు. ఒక మాట పట్టుకుంటేనే ఇంకో మాట వచ్చే వరస అది. మధ్యలో తెగితే అంతా తెగింది. మళ్లీ సలాం దగ్గర నుంచి మొదలుపెట్టింది. మళ్లీ ఆ తుపాకులు, ఆ గోడ, ఆ పదకొండు మంది. ఆ ముక్క వచ్చినప్పుడు ఫారూఖ్ కలం పైకెత్తి పట్టుకున్నాడు. అది దాటాక దించాడు. అలా రెండుసార్లు, మూడుసార్లు.

సాయంత్రం అసర్ నమాజు వేళకి పేర్లు ముప్పై దాటాయి. ఫారూఖ్ మొహం కడుక్కుని వచ్చి ఫోన్ నోటి దగ్గర పెట్టుకున్నాడు. నేను ఫారూఖ్‌ని అన్నాడు. షరీఫ్ నా సొంత తమ్ముడు. రెండేళ్లు వాడితో మాట్లాడలేదు, ఆ తప్పు నాది. వాడు పొయ్యి వెలిగించి మన పేటకి అన్నం పెట్టాడు, తిన్నవాళ్ల పేర్లు ఇవీ అంటూ ఒక్కొక్కటే చదివాడు. మూడో సందు, మసీదు, దర్జీ, అంతా చెప్పాడు. ఆ పదకొండు మంది సంగతి చెప్పలేదు. పంపించాడు. లాయరు దగ్గర నుంచి అందింది అని ఒక్క మాట వచ్చింది. అంతే. ఆదివారం దాకా ఇక చేయగలిగింది ఏమీ లేదు. ఫారూఖ్ బాల్కనీ తలుపు దగ్గరికి పోయి అటు తిరిగి నిలబడ్డాడు.

హాజ్జా ఇంతసేపూ అందరి పెదవులూ చూస్తూ కూర్చుంది. ఇప్పుడు చెంచులక్ష్మి చెయ్యి పట్టి లాగింది.

"నా పెద్దోడు ఫోన్లో ఏం చెప్పినాడు? చెప్పు బిత్తీ. కుదించకుండా చెప్పు."

చెంచులక్ష్మి ఫారూఖ్ వీపు వైపు చూసింది. తర్వాత ఎడమచెవి దగ్గరికి వంగి ఎప్పటిలాగే గట్టిగా మొదలుపెట్టింది. నేను ఫారూఖ్‌ని. షరీఫ్ నా సొంత తమ్ముడు. రెండేళ్లు మాట్లాడలేదు, ఆ తప్పు నాది. పేర్లన్నీ వరసగా చెప్పింది. ఆ చోటు వచ్చింది. ఇన్నాళ్లూ ఆమె ఎవరి మాటా మార్చలేదు, ఒకటి తగ్గించలేదు, ఒకటి కలపలేదు.

"తుపాకులు పట్టుకుని పదకొండు మంది వచ్చారు. మీసాలు కూడా సరిగ్గా రాలేదు. తుపాకులు గోడకి ఆనించమని, వాళ్లకీ పెట్టాడు నా తమ్ముడు. మా అమ్మైనా అదే చేసేది."

బాల్కనీ దగ్గర ఫారూఖ్ తిరిగి చూశాడు. హాజ్జా రెండు చేతులూ ఎత్తి, "అల్‌హమ్దులిల్లాహ్! ఆ మాట కూడా అన్నాడా నా పెద్దోడు?" అంది.

"అన్నాడు హాజ్జా," అంది చెంచులక్ష్మి. అంటూనే ఆయన అరుస్తాడేమోనని భుజాలు ముడుచుకుంది.

ఫారూఖ్ అరవలేదు. వచ్చి తల్లి కాళ్ల దగ్గర కూర్చున్నాడు. అతని చేతిలో ఫోన్ లేదు, కలం లేదు.

"వాడు ఆ రోజు ఎట్లా చెప్పాడో అట్లాగే ఇంకోసారి చెప్పు లక్ష్మీ," అన్నాడు. "ఆ దగ్గుతో సహా చెప్పు."